సంఘం ఆఫీసులో వై-ఫై: పాల లెక్కకు వేరే దారి

(సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లో ప్రాథమిక పాల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన విషయం, వ్యాపార సంస్థలకు పనికివచ్చే వైర్‌లెస్ యాక్సెస్ పాయింటు, అందులోని నెట్‌వర్కు సౌకర్యాలు. పేరు చదవగానే వెనుక వరుసలో ఒకరిద్దరు చాయ్‌కని లేవబోయారు. కూర్చోండి, ఇది పాల డబ్బుల సంగతే. మేము చదివినది సహకార డిప్లొమా, ఇంజనీరింగు కాదు. కాబట్టి ఇంజనీర్ల భాష మాకు రాదు, ఇక్కడ దానితో పని కూడా లేదు. తనిఖీకి వెళ్ళిన సంఘాల్లో చూసినది, కంప్యూటరు పని తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది మాత్రమే మనవి చేస్తాము.

వెనుకటి రోజుల్లో వెన్న పరీక్ష ఎలా జరిగేదో పెద్దలకు తెలుసు. గెర్బర్ గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకికామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోసి యంత్రంలో తిప్పితే వెన్న పైకి తేలేది. కార్యదర్శి గొట్టాన్ని వెలుతురుకు పట్టి అంకె చదివేవాడు. పక్కన నిలబడ్డ సభ్యుడు కూడా చూడగలిగేవాడు. చూసినా చూడకపోయినా, చూడగలననే ధీమా ఉండేది. ఇప్పుడు తూకం యంత్రం, పాల అనలైజరు, స్లిప్పు ప్రింటరు, వాటిని కలిపే కంప్యూటరు చాలా సంఘాల్లోకి వచ్చాయి. పాలు పోసిన నిమిషంలో బరువు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. మూడూ కాగితం మీదికి వస్తాయి, అదే లెక్క యూనియనుకూ చేరుతుంది. మంచిదే. కాని ఆ అంకె గొట్టంలో కనిపించదు, తీగలోనో గాలిలోనో పోతుంది. గాలిలో పోయే దారిని ఎవరు చూసుకుంటున్నారన్నదే ఈనాటి మా ప్రశ్న.

మేము తనిఖీ చేసిన సంఘాల్లో ఒకటి ఉంది. పేరు చెప్పము. సాయంత్రం పాలవేళ. వరుసలో నలభై మంది. స్లిప్పు రావడం ఆగిపోయింది. కంప్యూటరు తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఏమిటా అని చూస్తే, ఆఫీసులో ఉన్నది ఇళ్ళల్లో పెట్టుకునే చిన్న వై-ఫై పెట్టె ఒక్కటే. దాని పాస్‌వర్డు నోటీసు బోర్డు పక్కన గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది. అరుగు మీద కూర్చున్న పిల్లలందరూ ఆ పాస్‌వర్డుతోనే క్రికెట్టు చూస్తున్నారు. పాల లెక్క వెళ్ళవలసిన దారి నిండా క్రికెట్టే. ఒక ముసలమ్మ రెండు లీటర్ల పాలు పోసి, కార్యదర్శి చెప్పిన వెన్న అంకె మరిచిపోతానేమోనని మనుమరాలి అరచేతి మీద పెన్నుతో రాయించుకుని వెళ్ళింది. కార్యదర్శి తెల్లకాగితం మీద అందరి లెక్కా రాసుకుని, తర్వాత కంప్యూటరులోకి ఎక్కిస్తానన్నాడు. ఆయన నిజాయితీపరుడే, ఆ సంగతి మాకు తెలుసు. అయినా రాత్రి ఎక్కించేటప్పుడు 6.8 పొరపాటున 6.3 అయితే అడిగేదెవరు? ఒక్క బర్రె మీద సంసారం నడిపే మనిషికి ఆ అర పాయింటు నెల తిరిగేసరికి ఎంత అవుతుందో మీరే లెక్క కట్టుకోండి.

ఆ సంఘం పాలకవర్గం ఇంటర్నెట్టు వేగం పెంచమని తీర్మానం చేసింది. అది వైద్యం కాదని మా అభిప్రాయం. వేగం రెట్టింపు చేస్తే పిల్లలు రెట్టింపు క్రికెట్టు చూస్తారు. మన ఊళ్ళలో తాగే నీళ్ళ బావి వేరు, గొడ్లు దిగే కుంట వేరు. నీళ్ళు చాలక కాదు, కలవకూడదని.

ఈ వేరుచేసే పనికే వ్యాపార సంస్థల యాక్సెస్ పాయింటు కావలసింది. ఇంటి పెట్టెలో మూడు నాలుగు పనులు కలిసి ఉంటాయి. బయటి నుండి వచ్చే ఇంటర్నెట్టును అందుకుని పంచేది రౌటరు పని. తీగలతో యంత్రాలను కలిపేది స్విచ్చి పని. తీగలోని సమాచారాన్ని గాలిలోకి, గాలిలోదాన్ని తీగలోకి మార్చేది యాక్సెస్ పాయింటు పని. ఇళ్ళకు మూడూ ఒకే డబ్బాలో పెట్టి ఇస్తారు. వ్యాపార సంస్థలకు వేరువేరుగా ఇస్తారు. యాక్సెస్ పాయింటు అంటే గాలి పని ఒక్కటే చేసే పెట్టె. ఒక్కటే చేస్తుంది కనుక బాగా చేస్తుంది.

దానిలో మొదటి సౌకర్యం, ఒకే పెట్టె అనేక పేర్లతో పలకడం. ఫోనులో వై-ఫై తెరిస్తే కనిపించే పేర్లు మీకు తెలుసు. ఒక పెట్టె నుండే "పాల లెక్క" అని ఒక పేరు, "ఆఫీసు" అని ఇంకొకటి, "అతిథులు" అని మరొకటి పెట్టవచ్చు. మూడింటికి మూడు పాస్‌వర్డులు. పైకి మూడు పెట్టెలు ఉన్నట్టే ఉంటుంది. అయితే పేర్లు వేరైనంత మాత్రాన దారులు వేరు కావు. చాలామంది మోసపోయేది ఇక్కడే. దారులు వేరు చేసే ఏర్పాటును వీలాన్ అంటారు.

దాన్ని ఇలా అర్థం చేసుకోండి. పాల లారీ ఒక్కటే. దారిలో పది సంఘాల క్యాన్లు ఎక్కుతాయి. ప్రతి క్యాను మీద ఆ సంఘం నంబరు రంగుతో రాసి ఉంటుంది. డెయిరీ డాకు దగ్గర దించేవాడు నంబరు చూసి వేరు చేస్తాడు, ఒక సంఘం పాలు ఇంకొక సంఘం ఖాతాలో పడవు. వీలాన్ కూడా అంతే. తీగ ఒక్కటే, పాల లెక్కకు ఒక నంబరు, అతిథులకు ఒక నంబరు. సమాచారపు ప్రతి మూట మీద యాక్సెస్ పాయింటు ఆ నంబరు వేసి పంపుతుంది. 1 నుండి 4094 వరకు నంబర్లు వాడుకోవచ్చు. మనకు మూడు చాలు.

అయితే డాకు దగ్గర మనిషి నంబరు చూడకుండా అన్ని క్యాన్లూ ఒకే తొట్టిలో పోస్తే? యాక్సెస్ పాయింటు ఎంత మంచిదైనా, వెనుక ఉన్న స్విచ్చి, రౌటరు ఆ నంబర్లను చదివేవి కాకపోతే పని జరగదు. కొన్నిచోట్ల నంబరు వేసిన మూటలు అసలు ముందుకే పోవు, కొన్నిచోట్ల అన్నీ కలిసిపోతాయి. కొట్టువాడు పెట్టె అమ్మేటప్పుడు ఈ మాట చెప్పడు. మీరే అడగాలి: "మా రౌటరు వీలాన్ నంబర్లు చదువుతుందా? అతిథుల దారి నుండి పాల లెక్క యంత్రాన్ని తాకే వీలు లేకుండా కట్టి ఇస్తావా?" కట్టిన తర్వాత ఫోనుతో అతిథుల పేరులోకి వెళ్ళి, పాల కంప్యూటరు అందుతుందేమో మన ఎదుటే పరీక్ష చేయించాలి. అందకపోతేనే బిల్లు పాసు చేయండి.

ఇక అతిథుల సంగతి. సంఘానికి వచ్చేవారికి వై-ఫై ఇవ్వవద్దని మేము అనము. సభ్యులు బ్యాంకు ఖాతా చూసుకుంటారు, పిల్లలు పరీక్ష ఫలితాలు చూసుకుంటారు. ఇవ్వండి, హద్దుతో ఇవ్వండి. మనిషికి ఇంత వేగం అని కొలత పెట్టే సౌకర్యం ఉంది. పాలవేళల్లో ఆ పేరు దానంతటదే ఆగిపోయేలా గంటలు పెట్టవచ్చు. ఒక అతిథి ఫోను ఇంకొక అతిథి ఫోనులోకి తొంగిచూడకుండా అడ్డుగోడ పెట్టవచ్చు. వీటితోపాటు ప్రవేశ పేజీ అని ఒకటి ఉంది. ఈ పేటకు కొద్ది దూరంలోనే ఉన్న సికింద్రాబాద్ స్టేషనులో దిగినవారిలో కొందరు అక్కడి రైల్‌టెల్ వై-ఫై వాడే ఉంటారు. ముందుగా ఒక పేజీ వచ్చి ఫోను నంబరు అడుగుతుంది, ఆ ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. కొడితేగాని లోపలికి పోనివ్వదు. అదే ప్రవేశ పేజీ.

ఎవరు వాడారో తెలియడం ఎందుకు అవసరమో ఒక సంగతి చెబుతాము. 2008 జూలై 26న అహమ్మదాబాదులో వరుస బాంబు పేలుళ్ళు జరిగాయి. పేలుళ్ళకు కాస్త ముందు పత్రికలవారికి ఒక బెదిరింపు ఈ-మెయిలు వచ్చింది. పోలీసులు దాని జాడ పట్టుకుని పోతే నవీ ముంబయిలో ఒక ఫ్లాటు తలుపు దగ్గర తేలారు. ఆ ఇంట్లో ఉన్నాయన పంపలేదు. ఆయన వై-ఫైకి తాళం లేదు, ఎవరో బయటి నుండి వాడుకుని పంపారు. అయినా పోలీసులు వచ్చింది ఆయన తలుపుకే. కనెక్షను ఎవరి పేరున ఉంటే మొదటి ప్రశ్న వారికే. మన సంఘాల్లో కనెక్షను ఎవరి పేరున ఉంటుంది? సంఘం పేరున, అధ్యక్షుడి సంతకంతో. సుద్దముక్కతో పాస్‌వర్డు రాసిన గోడను ఈ వెలుగులో ఒకసారి చూడండి.

తాళం అన్నాము కనుక తాళాల్లో రకాలు. మొదట్లో వచ్చిన డబ్ల్యూ.ఇ.పి. అనే తాళం పనికిరాదని 2001 నాటికే తేలిపోయింది. 2004లో డబ్ల్యూ.పి.ఎ.-2, 2018లో డబ్ల్యూ.పి.ఎ.-3 వచ్చాయి. కొత్త పెట్టె కొంటే మూడోది ఉండేలా చూడండి. అయితే సంఘంలోని పాత అనలైజరు, పాత ప్రింటరు రెండోదాన్ని మాత్రమే గుర్తుపట్టవచ్చు. అప్పుడు అన్నిటినీ రెండోదానికి దించవద్దు. ఆ పాత యంత్రాలకు "పాల లెక్క" పేరులో రెండో తాళం ఉంచి, మిగతావాటికి మూడోది పెట్టండి. పేర్లు విడివిడిగా ఉండటంలో ఇదొక లాభం. ఉద్యోగి ఉద్యోగికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డు ఇచ్చే పద్ధతి కూడా ఉంది, దానికి వెనుక ఒక సర్వరు కావాలి. ఒకరు మానేస్తే వారి పేరు ఒక్కటే కొట్టివేయవచ్చు, మిగతావారిని కదిలించనక్కరలేదు. జిల్లా యూనియను ఆఫీసుకు అది తగినది. ఊరి సంఘానికి అంత అవసరం లేదు.

గాలి గురించి కొంచెం నిదానంగా చెబుతాము, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. రేడియో పెట్టెకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. వై-ఫై కూడా రేడియోనే. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఎక్కువ భాగాన్ని 2018లో భారత ప్రభుత్వం లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. లైసెన్సు లేదు కనుక అందరూ అందులోనే ఉంటారు. ఈ బన్సీలాల్‌పేట్ సందుల్లో నిలబడి ఫోను తెరిచి చూడండి. ఇల్లు ఇల్లు ఆనుకుని ఉన్న చోట, కింద దుకాణం పైన కాపురం ఉన్న చోట, ఎన్ని పేర్లు కనిపిస్తాయో లెక్కపెట్టండి. 2.4 పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా పక్కపక్కన పెట్టగలిగినవి మూడే చానళ్ళు: 1, 6, 11. ఒకే చానలులో ఒకసారి ఒకరే మాట్లాడాలి, మిగతావారు ఆగాలి. మన సర్వసభ్య సమావేశంలో అందరూ ఒకేసారి లేచినప్పుడు తీర్మానం ఎంత త్వరగా ముగుస్తుందో మీకు తెలియనిది కాదు.

కనుక పట్నంలో పాల పార్లరు నడిపే సంఘాలు 5 గిగాహెర్ట్జ్ పట్టీ వాడటం మేలు. అందులో చానళ్ళు ఎక్కువ, రద్దీ తక్కువ. కాని అది గోడ దాటడంలో బలహీనం. పల్లెలో పొరుగు పెట్టెలు లేవు కనుక 2.4 చక్కగా పనిచేస్తుంది, దూరమూ పోతుంది. వ్యాపార పెట్టెల్లో రెండు పట్టీలూ ఉంటాయి, చుట్టూ విని రద్దీ లేని చానలును తానే ఎంచుకునే సౌకర్యమూ ఉంటుంది. రెండు వందల మంది పట్టే పెట్టె అని అట్ట మీద రాసి ఉంటే నమ్మి మురిసిపోకండి. అంతమంది చేరవచ్చు, గాలి మాత్రం అంతమందికీ ఒక్కటే.

పాల సంఘానికి ఇంకొక ప్రత్యేక చిక్కు ఉంది. ఇది ఏ కొట్టువాడూ చెప్పడు. స్టీలు ట్యాంకు వై-ఫైని వెనక్కు కొడుతుంది. నీరు దాన్ని మింగుతుంది. పాలు అంటే చాలామటుకు నీరే కదా, ఆవుపాలలో నూటికి 87 పాళ్ళ దాకా నీరు. శీతలీకరణ ట్యాంకు అవతల గోడకు పెట్టెను బిగించి, ఇవతల తూకం యంత్రం దగ్గర సిగ్నలు లేదంటే తప్పు పెట్టెది కాదు. పాలు పోసే గదిలోనే కప్పుకు, తూకం యంత్రం కనిపించే చోట బిగించాలి. కడిగేటప్పుడు నీళ్ళు చిందని ఎత్తున ఉండాలి. ఇంకా మంచి మాట ఒకటి: తూకం కంప్యూటరు కదలకుండా ఒకచోట ఉండేదే గనుక వీలైతే దానికి తీగే వేయండి. గాలిని కదిలేవాటికి వదలండి.

కప్పు దగ్గరికి కరెంటు ఎలా అంటారు. దానికీ ఉపాయం ఉంది. సమాచారం పోయే ఈథర్‌నెట్ తీగలోనే కరెంటు కూడా పంపుతారు. 2003లో వచ్చిన మొదటి ప్రమాణం ప్రకారం పంపేచోట 15 వాట్ల వరకు ఇస్తుంది, చిన్న పెట్టెకు అది సరిపోతుంది. తీగ పొడవు 100 మీటర్లు దాటకూడదు. కప్పు దగ్గర ప్లగ్గు అక్కరలేదు, కరెంటు పనివాడు అక్కరలేదు. మనకు దీనిలోని అసలు లాభం వేరు. కరెంటు ఇచ్చే స్విచ్చిని ఆఫీసు బల్ల దగ్గర ఇన్వర్టరుకు తగిలిస్తే, కరెంటు పోయినా కప్పు మీది పెట్టె కూడా వెలుగుతూనే ఉంటుంది. సాయంత్రం పాలవేళ కరెంటు పోవడం అనుభవంలో లేని సంఘం ఈ గదిలో ఉందా?

రెండు మూడు గదులుంటే రెండు పెట్టెలు పెట్టి ఒకే పేరు ఇవ్వవచ్చు, ఫోను ఒకదాని నుండి ఇంకొకదానికి మారిపోతుంది. రెండో పెట్టెకు తీగ లేకుండా గాలిలోనే అందించే మెష్ పద్ధతీ ఉంది గాని, ఒకే రేడియోతో అందుకోవడం, పంచడం రెండూ చేస్తే వేగం సగానికి పడుతుంది. దాణా గోదాముకు తీగ లాగించండి, తక్కువలో పోతుంది.

ఇంత చెప్పి, అందరూ రేపే కొనండి అనడం లేదు. పూటకు యాభై లీటర్ల పాలు వచ్చి, ఒక యంత్రం సిమ్ము కార్డుతో లెక్క పంపుతూ ఉంటే ఆ సంఘానికి ఇవేవీ అక్కరలేదు. ఆ డబ్బుతో పశువులకు ఖనిజ లవణ మిశ్రమం కొనండి. శీతలీకరణ యూనిటు, ఆఫీసు, దాణా అమ్మకం ఉండి, నలుగురు ఉద్యోగులు పనిచేసే సంఘాలకే మా మాట.

కొన్న తర్వాతి సంగతి కొనడం కంటే పెద్దది. మేము చూసిన ఒక సంఘంలో బిగించిన వ్యాపారి పెట్టె ఖాతాను తన సొంత ఈ-మెయిలుతో తెరిచాడు. ఏడాది తర్వాత పాస్‌వర్డు మార్చాలంటే ఆ వ్యాపారి దొరకడు, దొరికితే ఫీజు అడుగుతాడు. సంఘం డబ్బుతో కొన్న పెట్టెకు తాళంచెవి బయటివాడి జేబులో! ఖాతా సంఘం ఈ-మెయిలుతోనే తెరవాలి. పెట్టెతో వచ్చిన అసలు పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి, అది అదే కంపెనీ పెట్టెలు వాడే చాలామందికి తెలిసినదే. మార్చినదాన్ని సీలు చేసిన కవరులో పెట్టి, అధ్యక్షుడి సంతకంతో ఇనప్పెట్టెలో ఉంచాలి. కార్యదర్శి మారినప్పుడు నగదు పుస్తకం, చెక్కు పుస్తకం, తాళంచెవులతో పాటు ఈ కవరునూ చార్జీ పట్టికలో రాసి అప్పగించాలి. కొత్త కార్యదర్శి ఆ రోజే పాస్‌వర్డు మార్చాలి. పాతవాడు మంచివాడా కాదా అన్న ప్రశ్న ఇక్కడ లేదు, గోదాము తాళం మార్చినట్టే ఇది. సభ్యుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఎవరి సమాచారం మన దగ్గర ఉందో వారికి జవాబు చెప్పవలసింది మనమే.

పెట్టెలోని సాఫ్టువేరుకు కంపెనీలు అప్పుడప్పుడు మరమ్మత్తులు పంపుతాయి. వాటిని ఎక్కించే మనిషి ఎవరో తీర్మానంలో పేరు రాయాలి. ఈ పేట పాత పేరు నాగన్నకుంట. ఇక్కడి మెట్లబావి 17వ శతాబ్దం నాటిదని చెబుతారు. రాళ్ళకు లోపం లేదు, ఊటకు లోపం లేదు, చూసుకునే మనిషి లేక దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయింది. పూడిక తీసి బాగుచేసి 2022 డిసెంబరు 5న మళ్ళీ తెరిచారు. భోజన విరామంలో వెళ్ళి చూసి రండి, చూడదగినది. మన కప్పు మీది పెట్టె మూడు వందల ఏళ్ళు ఉండదు, నాలుగైదేళ్ళు ఉంటే గొప్ప. ఆ నాలుగైదేళ్ళయినా దానికి ఒక మనిషి ఉండాలి.

కొటేషన్లు మూడు పిలవండి, ఎప్పటిలాగే. కాని "వై-ఫై పెట్టె ఒకటి" అని రాసి పిలిస్తే ముగ్గురూ మూడు రకాల వస్తువులకు ధర ఇస్తారు, తక్కువ ధర చూసి ఇంటి పెట్టె కొంటారు, తర్వాత ఆడిటరు ఏమీ అనలేడు. కనీసం నాలుగు పేర్లు, వీలాన్, రెండు పట్టీలు, తీగలోనే కరెంటు, అతిథులకు వేగపు హద్దు, గంటల హద్దు, డబ్ల్యూ.పి.ఎ.-3, దానికి తగిన స్విచ్చి, రౌటరు, బిగించి పరీక్ష చేసి చూపడం, ఇవన్నీ రాసి పిలవండి. ముసాయిదా కావలసినవారు తరగతి ముగిశాక మా దగ్గర తీసుకోవచ్చు. పెట్టెను స్థిరాస్తుల రిజిస్టరులో దాని వరుస నంబరుతో సహా రాయండి. తర్వాతి తనిఖీలో మేము మొదట అడిగేది ఆ నంబరు, రెండోది ఇనప్పెట్టెలోని కవరు.